కుక్కపిల్లలు అమ్మే ఆయన చూపించిన కాగితం సరైనదేనా?

ఉప్పల్ దగ్గర ఒకాయన ఇంట్లో లాబ్రడార్ పిల్లలున్నాయి. లైసెన్స్ అడిగితే జీహెచ్‌ఎంసీ కాగితం తీశాడు. అందులో తల్లికుక్క వివరాలు, రేబిస్ టీకా తప్ప ఏమీ లేవు. పిల్లకు 35 రోజులట, గిన్నెలో పాలు పోస్తే ముక్కు దాకా ముంచేస్తోంది. "ఆదివారంలోపు తీసుకెళ్లండి, ఇంకో పార్టీ రెడీగా ఉంది" అని తొందరపెడుతున్నాడు. మా పాప పేరు కూడా పెట్టేసింది. తీసుకోవచ్చా?

జవాబు 1: ఆగండి అన్నా. ఆ కాగితం కుక్కను పెంచుకోవడానికి, పిల్లల్ని అమ్మడానికి కాదు. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్, అంటే కుక్కలతో పిల్లల్ని పెట్టించి అమ్మేవాళ్లు, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మీ పిల్లకు 5 వారాలే!

జవాబు 2: నేనూ పిల్లల్ని అమ్ముతుంటాను. నా దగ్గర కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్ ఉంది, అది చాలదా?

జవాబు 1: చాలదండి. అది వంశం చెబుతుంది, అంతే. తల్లికి 18 నెలలు నిండాయా, 8 ఏళ్లు దాటిందా, ఇప్పటికే అయిదు కాన్పులయ్యాయా అన్నది ఈ నిబంధనలే చూస్తాయి.

జవాబు 3: తల్లిని చూపించమనండి. "ఊళ్లో ఉంది" అంటే అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. ఇక పాప సంగతంటారా, మూడు వారాలు ఎలాగోలా నచ్చజెప్పాలి. అదే అసలు టెన్షన్.