జావా స్టాండర్డ్ లైబ్రరీలో డిజైన్ ప్యాటర్న్‌లను గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. 1994లో నలుగురు రచయితల పుస్తకం పరిచయం చేసిన 23 డిజైన్ ప్యాటర్న్‌ల (ప్రోగ్రాములు రాసేటప్పుడు తరచూ ఎదురయ్యే సమస్యలకు వాడే పరిష్కార నమూనాల) నిర్వచనాలు చదివాను, ఒక్కొక్క దానికీ చిన్న ఉదాహరణ రాసి చూశాను. అయినా జావా స్టాండర్డ్ లైబ్రరీలోని ఒక క్లాసును చూపించి ఇందులో ఏ ప్యాటర్న్ ఉందని అడిగితే చెప్పలేకపోతున్నాను. ఈ మధ్య ఒక ఇంటర్వ్యూలో క్యాలెండర్ క్లాసులోని గెట్‌ఇన్‌స్టన్స్ మెథడ్ గురించి అడిగినప్పుడు, పేరును బట్టి అది సింగిల్టన్ (ఒక క్లాసుకు ఒకే ఒక్క ఆబ్జెక్టు ఉండే ప్యాటర్న్) అన్నాను. తప్పని చెప్పారు గానీ ఎందుకు తప్పో వివరించలేదు. జాబితాలను బట్టీ పట్టడం నాకు ఇష్టం లేదు. సోర్స్ కోడ్ చదువుతూ సొంతంగా గుర్తుపట్టాలంటే మొదట దేనిని చూడాలి?

మొదటి సమాధానం

పేరును పక్కన పెట్టి, ఒక క్లాసు కన్‌స్ట్రక్టర్ ఏ రకం ఆబ్జెక్టును తీసుకుంటున్నదో, ఆ క్లాసు తాను ఏ రకానికి చెందినదో పోల్చి చూడడం నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది. జావా ఐఓ ప్యాకేజీలో ఈ పోలిక చాలా స్పష్టంగా కనిపిస్తుంది. బఫర్డ్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ తాను ఒక ఇన్‌పుట్‌స్ట్రీమ్. అది తీసుకునేదీ ఇన్‌పుట్‌స్ట్రీమే. ఒక్కొక్క బైటు కోసం లోపలి స్ట్రీమ్ దగ్గరకు వెళ్లకుండా, మామూలుగా 8192 బైట్ల బఫరును నింపుకొని అందులోంచి ఇస్తుంది, వాడేవారికి మాత్రం మెథడ్‌లు ఏమీ మారవు. అందుకే ఫైల్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ మీద బఫరును, దాని మీద కుదించిన డేటాను విప్పే జీజిప్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్‌ను పొరలు పొరలుగా తొడగగలుగుతున్నాం. ఇలా రకం మారకుండా, ఉన్న ఆబ్జెక్టు మీద అదనపు పనిని తొడిగేది డెకరేటర్.

ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్ కూడా ఇన్‌పుట్‌స్ట్రీమ్‌నే తీసుకుంటుంది, కానీ తాను రీడర్ రకానికి చెందినది. లోపల ఉన్నవి బైట్లు, బయటికి వచ్చేవి ఎన్‌కోడింగ్ ప్రకారం కూర్చిన అక్షరాలు. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో ఒక అక్షరానికో గుర్తుకో ఇచ్చిన సంఖ్య) ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడతాయి గనుక, తెలుగు ఫైలును బైట్లుగా చదవబోయినవారికి ఈ క్లాసు అవసరం ఇట్టే తెలుస్తుంది. తీసుకున్న రకాన్ని వేరొక రకంగా చూపిస్తున్నది కాబట్టి ఇది అడాప్టర్.

ఆ ఇన్‌పుట్‌స్ట్రీమ్ క్లాసును కూడా ఒకసారి తెరవండి. ఒక బైటును చదివే రీడ్ మెథడ్ అబ్‌స్ట్రాక్ట్‌గా, అంటే లోపలి కోడ్ లేకుండా ఉంటుంది. బైట్ల అర్రేను నింపే రీడ్ మెథడ్ దానినే పదే పదే పిలుస్తూ పూర్తిగా రాసి ఉంటుంది. పని నడిచే క్రమం పై క్లాసులో ఉండి, ఒక మెట్టును మాత్రం సబ్‌క్లాసుకు వదిలినచోట టెంప్లేట్ మెథడ్ ఉన్నట్టు.

రెండవ సమాధానం

మీ ఇంటర్వ్యూ ప్రశ్న గురించి చెబుతాను. గెట్‌ఇన్‌స్టన్స్‌ను రెండుసార్లు పిలిచి, వచ్చిన ఆబ్జెక్టులు రెండూ ఒకటేనా అని డబుల్ ఈక్వల్స్‌తో పోల్చండి, ఫాల్స్ వస్తుంది. పిలిచిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టు తయారవుతున్నప్పుడు అది సింగిల్టన్ కాజాలదు. సింగిల్టన్ చూడాలంటే రన్‌టైమ్ క్లాసు చదవండి: కన్‌స్ట్రక్టర్ ప్రైవేట్, ఉన్న ఒక్క ఆబ్జెక్టు స్టాటిక్ ఫీల్డులో ఉంటుంది, గెట్‌రన్‌టైమ్ ఎప్పుడూ దానినే ఇస్తుంది.

చాలా జాబితాలు క్యాలెండర్‌ను ఫ్యాక్టరీ మెథడ్ కింద చేరుస్తాయి, దానితో నేను ఏకీభవించను. లొకేల్‌ను (భాష, దేశం సెట్టింగ్‌ను) బట్టి సాధారణంగా గ్రెగోరియన్ క్యాలెండర్‌ను, థాయ్‌లాండ్ లొకేల్ అయితే బౌద్ధ క్యాలెండర్‌ను ఇస్తుందన్నది నిజమే, కానీ ఆ నిర్ణయమంతా ఒక స్టాటిక్ మెథడ్‌లోనే జరుగుతుంది. ఆ పుస్తకం చెప్పిన ఫ్యాక్టరీ మెథడ్‌లో ఏ ఆబ్జెక్టును సృష్టించాలన్నది సబ్‌క్లాసు నిర్ణయిస్తుంది. కలెక్షన్‌లలోని ఇటరేటర్ మెథడ్ (అంశాలను ఒక్కొక్కటిగా చూపే ఆబ్జెక్టును ఇచ్చేది) దానికి సరైన ఉదాహరణ: అర్రేలిస్ట్ ఇండెక్సును పెంచుకుంటూ నడిచే ఇటరేటర్‌ను ఇస్తే, లింక్డ్‌లిస్ట్ నోడ్‌ల వెంట నడిచే దానిని ఇస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన పోలికతో రెండు మెథడ్‌లు చదివాను. అర్రేస్ క్లాసులోని యాజ్‌లిస్ట్ ఒక అర్రేను లిస్టుగా చూపిస్తున్నది, కనుక అడాప్టర్ అనుకుంటున్నాను. కలెక్షన్స్ క్లాసులోని అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ లిస్టును తీసుకొని లిస్టునే ఇస్తున్నది, ఆ లెక్కన డెకరేటర్ కావాలి. కానీ అది కొత్త పనేమీ చేర్చకపోగా యాడ్, రిమూవ్ వంటి ఉన్న పనులనే అడ్డుకుంటున్నది. దీనిని ఏమనాలి?

మూడవ సమాధానం

నిర్మాణాన్ని మాత్రమే చూస్తే డెకరేటర్‌కూ ప్రాక్సీకీ (అసలు ఆబ్జెక్టు తరఫున నిలబడి దాని వాడకాన్ని నియంత్రించే ప్యాటర్న్‌కూ) తేడా దాదాపు కనిపించదు. లోపల అదే రకం ఆబ్జెక్టును దాచుకొని పిలుపులను దానికి అందించడం రెండింటిలోనూ ఉంటుంది. అక్కడ ఉద్దేశాన్ని అడగాలి. అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ ఉద్దేశం లోపలి లిస్టును మార్చనివ్వకపోవడమే కాబట్టి, దానిని ప్రొటెక్షన్ ప్రాక్సీ అనడమే సమంజసమని నా అభిప్రాయం. డెకరేటర్ అనేవారూ ఉన్నారు, కారణం చెప్పగలిగితే ఇంటర్వ్యూలో ఏ మాటైనా నిలుస్తుంది. లోపలి లిస్టును దాని యజమాని మారిస్తే ఆ మార్పు మీకు కూడా కనిపిస్తుందని ప్రయత్నించి చూడండి. అది నకలు కాదని తేలుతుంది.

యాజ్‌లిస్ట్ విషయంలో మీరు చెప్పింది సరైనదే, అయితే అక్కడ ఇంకొక ప్యాటర్న్ కూడా ఉంది. ఆ మెథడ్ ఇచ్చే లోపలి క్లాసు పేరు కూడా అర్రేలిస్టే, కానీ మనం రోజూ వాడే అర్రేలిస్ట్ కాదు. అది అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌కు సబ్‌క్లాసు. అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ కోరేది గెట్, సైజ్ అనే రెండు మెథడ్‌లే; సబ్‌లిస్ట్, లిస్ట్ఇటరేటర్ వంటివి వాటి ఆధారంగా ముందే రాసి ఉన్నాయి, అంటే ఇక్కడ కూడా టెంప్లేట్ మెథడే. సెట్ మెథడ్‌ను ఈ లోపలి క్లాసు తిరిగి రాసుకున్నది, అందుకే సెట్ చేసిన విలువ నేరుగా మీ అర్రేలోకి వెళుతుంది. యాడ్‌ను తిరిగి రాయలేదు, అర్రే పొడవు పెరగదు గనుక రాయడానికి వీలూ లేదు. అందువల్ల పై క్లాసులోని యాడ్ పనిచేసి, చాలామందిని తికమక పెట్టే ఆ అన్‌సపోర్టెడ్‌ఆపరేషన్‌ఎక్సెప్షన్‌ను విసురుతుంది.