ఎంజైమ్‌ని చూసి కాపీ కొడితే కార్బన్ డయాక్సైడ్ చిక్కుతుందా?

రంధ్రాన్వేషి:
మన ఎర్ర రక్తకణాల్లో కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని మధ్యలో ఒక జింకు, దాన్ని పట్టుకుని మూడు నైట్రోజన్లు. దీని వేగవంతమైన రకమైతే ఒక్కో అణువూ సెకనుకు 10 లక్షల దాకా కార్బన్ డయాక్సైడ్ అణువులను బైకార్బనేట్‌గా మార్చేస్తుంది. ఇప్పుడు అదే అమరికను ఎంఓఎఫ్‌ల (లోహాల్ని కర్బన అణువులతో కలిపి అల్లిన, సన్నటి రంధ్రాలుండే చట్రాలు) రంధ్రాల్లో కట్టి, ‘ఎంజైమ్ లాంటి పదార్థం’ అంటున్నారు. నాకు ఈ పోలికే నచ్చలేదు. ఎంజైమ్ దేన్నీ పట్టుకుని కూర్చోదు, మార్చి వదిలేస్తుంది. ఆ వేగమంతా వదిలేయడంలోనే ఉంది. మనకు కావాల్సింది పట్టి ఉంచేది!

ల్యాబ్‌కోటు:
పేరు సార్థకం చేసుకున్నారండీ 🙂 మీరన్నది నిజమే, సగం వరకు. జింకు మీదున్న హైడ్రాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌ని అందుకుంటే బైకార్బనేట్ అవుతుంది. ఎంజైమ్‌లో వెంటనే నీళ్లొచ్చి దాన్ని పక్కకి నెడతాయి. ఎంఓఎఫ్‌లో అది అక్కడే ఉండిపోతుంది, వేడి చేస్తే మళ్లీ గ్యాసై లేచిపోతుంది. గాలిలో ఉన్నది 0.04 శాతమే. అంత పలుచని దాన్ని ఏరుకోవాలంటే ఉత్త రంధ్రం సరిపోదు, గట్టి బంధం ఉండాలి.

రంధ్రాన్వేషి:
గట్టి బంధమైతే సున్నానికీ ఉంది. వదిలించాలంటేనే 900 డిగ్రీలు కావాలి.

పొగగొట్టం:
ఇద్దరూ తేమ సంగతి మర్చిపోయారు. ఫ్యాక్టరీ పొగలో నీటి ఆవిరి దండిగా ఉంటుంది. ఒకసారి మేం చేసిన శాంపిల్ పొడి గ్యాస్‌లో అద్భుతంగా పీల్చింది. అందరం సంబరపడ్డాం. తేమ కలిపాక చూస్తే బరువు పెరుగుతోంది కానీ ఎక్కింది నీళ్లే. ఆ రోజు గ్రాఫ్ ఇప్పటికీ దాచుకున్నా. 2021లో వచ్చిన కాల్ఫ్-20 అనే ఎంఓఎఫ్ చూడండి. అదీ జింకుదే, కానీ ఎంజైమ్ వేషం లేదు. గ్యాస్‌ని సుతారంగా పట్టుకుంటుంది, 40 శాతం తేమలోనూ నీటి కంటే కార్బన్ డయాక్సైడ్‌కే ముందు చోటిస్తుంది. సిమెంట్ ఫ్యాక్టరీ పొగ మీద కూడా పరీక్షించారు.

ల్యాబ్‌కోటు:
కాల్ఫ్-20కి నా ఓటూ ఉంది. అయితే 2024లో కాలిఫోర్నియాలోని బర్క్లీ యూనివర్సిటీ వాళ్లు చేసింది చూశారా? ఎంఎఫ్‌యూ-4ఎల్ అనే చట్రంలో జింకు చుట్టూ అచ్చం ఎంజైమ్‌లో లాగే మూడు నైట్రోజన్లు. హైడ్రాక్సైడ్ ఉండాల్సిన చోట హైడ్రైడ్ (రుణావేశమున్న హైడ్రోజన్) పెట్టారు. అది 300 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ని ఫార్మేట్‌గా (హైడ్రైడ్‌తో అది కలిస్తే వచ్చేది) పట్టుకుని మళ్లీ వదులుతోంది. కార్బన్ డయాక్సైడ్‌ని పట్టడానికి ఫ్యాక్టరీల్లో వాడే అమైన్ ద్రావణాలకైతే పొగని ముందు 40-60 డిగ్రీలకు చల్లార్చాలి.

రంధ్రాన్వేషి:
ఇది ఒప్పుకోక తప్పదు. కానీ గమనించారా, ఎంజైమ్ చేసే పనిని మార్చేశాకే కదా అది పనికొచ్చింది? తీసుకున్నది ఇంటి ప్లాను మాత్రమే.

పొగగొట్టం:
ప్లాను ఎవరిదైతేనేం, వేల సార్లు వేడెక్కి చల్లారాక ఆ జింకు అక్కడే ఉంటుందా? నాకు ఆ గ్రాఫ్ చూపించండి.