పదిహేను వేల డాలర్లు సంపాదించే తల్లికి పిల్లల క్రెడిట్ సగం కూడా రాకపోవడం న్యాయమేనా?

ఒహాయో లైబ్రరీ వాలంటీర్:
ట్యాక్స్ సీజన్‌లో శనివారాలు మా ఊరి లైబ్రరీలో కూర్చుని ఉచితంగా ఫారాలు నింపి పెడతాను. ఈసారి వచ్చిన ఒకావిడ లెక్క నా మనసులోంచి పోవడం లేదు. ఇద్దరు పిల్లలు, తోడు ఎవరూ లేరు, డేకేర్‌లో వంట పని. 2025లో సంపాదన 15,000 డాలర్లు. అమెరికా ప్రభుత్వ చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ ఒక్కో బిడ్డకు 2,200 అని టీవీలో విని, 4,400 వస్తుందని లెక్క వేసుకుని వచ్చింది. వచ్చింది 1,875.

కారణం చెప్తాను. ఈ చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ ముందు మనం కట్టాల్సిన ఆదాయ పన్నులో తగ్గుతుంది. పన్నే లేనివాళ్లకు చేతికి ఇచ్చేది బిడ్డకు గరిష్ఠంగా 1,700. అది కూడా మొదటి 2,500 డాలర్ల సంపాదన వదిలేసి, మిగతా దాంట్లో 15 శాతం దాటకూడదు. 12,500లో 15 శాతం 1,875. అదే ఏడాదికి 4 లక్షలు సంపాదించే భార్యాభర్తలకు, ఇద్దరు పిల్లలుంటే, 4,400 పూర్తిగా వస్తుంది. ఇది ఆమెకు చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు నోరు పెగల్లేదు.

2021లో ఇలా లేదు. ఆ ఒక్క ఏడాదికి సంపాదన షరతు తీసేశారు. జూలై నుంచి డిసెంబర్ దాకా చిన్న పిల్లలకు నెలకు 300, ఆరేళ్లు నిండినవాళ్లకు 250 ఇచ్చారు. ప్రభుత్వ సాయాన్ని, పన్ను క్రెడిట్లను కూడా కలిపి చూసే సెన్సస్ బ్యూరో సప్లిమెంటల్ లెక్కలో పిల్లల పేదరికం 2020లో 9.7 శాతం ఉంటే 2021లో 5.2కి దిగింది. అది ఆగిపోయాక 2022లో 12.4. కోవిడ్ చెక్కుల పాత్ర కూడా ఉంది, కాదనను. కానీ ఈ క్రెడిట్ పాత్ర పెద్దది. అప్పుడు సెనేట్‌లో డెమొక్రాట్లకు ఒక్క ఓటు కూడా మిగులు లేదు. వాళ్ల పార్టీకే చెందిన వెస్ట్ వర్జీనియా సెనేటర్ జో మాంచిన్ దాన్ని పొడిగించడానికి కాదన్నారు, అంతే. అది మళ్లీ రావాలన్నది నా వాదన.

షార్లెట్ షాపు ఓనర్:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ లెక్క సగమే చెప్పారు. ఆవిడకు ఈఐటీసీ, అంటే తక్కువ సంపాదన ఉన్నవాళ్లకు ఇచ్చే పన్ను క్రెడిట్, కూడా వస్తుంది కదా? ఇద్దరు పిల్లలు, 15,000 సంపాదన అంటే అందులో 40 శాతం, దాదాపు 6,000. పని చేసే పేదవాళ్ల కోసమే 1975 నుంచి ఉన్న పథకం అది. ఆదాయ పన్ను కట్టనివాళ్లకు ఇంకా ఇవ్వాలంటే దాన్ని పన్ను తగ్గింపు అనకండి, సాయం అనండి. సాయానికి నేను వ్యతిరేకిని కాదు. పని చేసినా చేయకపోయినా ఒకే మొత్తం అంటేనే నాకు అభ్యంతరం. షికాగో యూనివర్సిటీ ఆర్థికవేత్తలు అప్పట్లో లెక్కగట్టి, 2021 నాటి క్రెడిట్‌ను శాశ్వతం చేస్తే 15 లక్షల మంది తల్లిదండ్రులు పని మానేస్తారన్నారు. ఖర్చు ఏడాదికి పదివేల కోట్ల డాలర్ల పైమాటే. నేను రెండు దుకాణాలు నడుపుతున్నాను. పొద్దున్నే లేచి పనికి వచ్చేవాళ్ల విలువ నాకు తెలుసు.

ప్లానో నాన్న:
అక్కా, మన తెలుగువాళ్లకు తగిలిన దెబ్బ కూడా ఇందులో ఉంది. నేను హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను. పెద్దమ్మాయి హైదరాబాద్‌లో పుట్టింది, హెచ్4 అనే కుటుంబ వీసా మీద ఉంది, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేదు, పన్ను ఫారాల కోసం ఇచ్చే ఐటిన్ నంబర్ మాత్రమే. చిన్నవాడు ఇక్కడే పుట్టాడు. 2017 చట్టంతో బిడ్డకు ఎస్ఎస్ఎన్ ఉండాలని షరతు పెట్టారు. చిన్నవాడికి 2,200, పెద్దమ్మాయికి 500. నేను కట్టే పన్ను ఒక్కటే, ఇద్దరూ వెళ్లే స్కూలు ఒక్కటే. మా జీతానికి ఆ డబ్బు లేకపోయినా గడుస్తుంది, ఆ వంట మనిషి కష్టంతో పోల్చను. కానీ ఏ బిడ్డను లెక్కలోకి తీసుకోవాలన్నది రాజకీయమే అని నాకు అప్పుడే అర్థమైంది.

ఒహాయో లైబ్రరీ వాలంటీర్:
తమ్ముడూ, ఆ షరతు 2021లో కూడా తీయలేదు. అక్కడ డెమొక్రాట్లదీ తప్పే.

బాబాయ్ గారూ, ఈఐటీసీ సంగతి నిజమే, నేను చెప్పి ఉండాల్సింది. కానీ ఆవిడ పన్ను కట్టడం లేదనకండి. సోషల్ సెక్యూరిటీకి, మెడికేర్‌కు జీతంలోంచి 7.65 శాతం, అంటే 1,147 డాలర్లు పోయాయి. ఇక పని మానేస్తారన్నది అంచనా. డబ్బులు నిజంగా ఇచ్చిన ఆ ఆరు నెలల్లో పని మానేసినవాళ్లు చెప్పుకోదగ్గంతగా కనబడలేదని తర్వాత వచ్చిన చాలా అధ్యయనాలు తేల్చాయి. ఊళ్లో అమ్మ ఒడి వచ్చినప్పుడు కూడా డబ్బులిస్తే సోమరులవుతారనే మాట మా ఇంట్లోనే విన్నాను. నెలకు 250 డాలర్లతో ఇంటి అద్దె కట్టి కూర్చునే తల్లిని ఇంతవరకు చూడలేదు.

షార్లెట్ షాపు ఓనర్:
ఆరు నెలల్లో ఆగిపోతుందని తెలిసిన డబ్బు కోసం ఎవరు ఉద్యోగం మానతారమ్మా? శాశ్వతం చేస్తే ఏమవుతుందో దాన్నిబట్టి చెప్పలేం. కానీ ఆ 1,875 లెక్క నాకూ నచ్చలేదు. ఇద్దరు పిల్లలున్నా ఒకరున్నా ఆ సంపాదనకు పరిమితి ఒక్కటే అనడం అన్యాయం. 2024 జనవరిలో ప్రతినిధుల సభ (హౌస్) 357-70తో పాస్ చేసిన బిల్లులో ఆ 15 శాతాన్ని బిడ్డకో లెక్కన ఇచ్చారు. దానికి నేను ఒప్పుకుంటాను. అందులో నాకు నచ్చనిది ఒక్కటే. ఈ ఏడు సంపాదన తగ్గితే నిరుటి సంపాదన చూపించుకోవచ్చన్నారు. రిపబ్లికన్ సెనేటర్ మైక్ క్రేపో అభ్యంతరం కూడా అదే. ఒక ఏడు పని చేసి మరుసటి ఏడు మానేసినా డబ్బు వస్తుంది కదా?

ఒహాయో లైబ్రరీ వాలంటీర్:
ఆ అభ్యంతరం తోడవ్వబట్టే ఆగస్టు 1న సెనేట్‌లో 48-44 దగ్గర ఆగింది, బిల్లు ముందుకు కదలాలంటే 60 ఓట్లు కావాలి. బిడ్డకో లెక్కకు మీరు ఒప్పుకున్నందుకు సంతోషం. ఇప్పటి 1,700 పరిమితితోనే ఆ లెక్క ఉండి ఉంటే ఆవిడకు ఇద్దరి మీదా 3,400 చేతికి వచ్చేది.

నిరుటి సంపాదన ఎందుకు చూడాలో కూడా ఆవిడ లెక్కతోనే చెప్తాను. ఇప్పుడు మూడో బిడ్డ కడుపులో ఉంది. డాక్టర్ నిలబడి పని చేయొద్దన్నారట. ఈ ఏడు 9,000 దాటేలా లేదు. 2,500 తీసేసి 15 శాతం వేస్తే 975. ఈఐటీసీ కూడా సంపాదనతో పాటే పడిపోతుంది. మానేయాలని మానేసిన మనిషి కాదు బాబాయ్ గారూ. ముగ్గురు పిల్లలతో వచ్చే మార్చిలో మళ్లీ నా బల్ల ముందు కూర్చుంటుంది.