చిదంబరం వెళ్ళొచ్చాక గోవిందరాజస్వామి గుడిలో మనసు నిలవడం లేదు

ప్రశ్న: తిరుపతి కోడలు

మాది శ్రీకాళహస్తి, విభూతి పెట్టుకునే ఇల్లు. అత్తగారిది తిరుపతి, నామాలవాళ్ళు. పోయిన నెల అందరం చిదంబరం వెళ్ళాం. అక్కడ నటరాజు ఎదురుగా నిలబడి కాస్త పక్కకు తిరిగితే శేషుడి మీద పడుకున్న గోవిందరాజు కనిపిస్తాడు. ఇద్దరికీ కలిపే దణ్ణం పెట్టుకున్నా. వెనక నుంచి మామయ్య, "ఈయన్ని సముద్రంలో పడేయించింది మీవాళ్ళేలే అమ్మా" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు గుచ్చుకుంది.

కథ మనకి తెలిసిందే. రెండో కులోత్తుంగ చోళుడు విష్ణువు విగ్రహాన్ని సముద్రంలో వేయించాడని, ఉత్సవమూర్తిని భక్తులు తిరుపతికి చేరిస్తే రామానుజులవారు ఇక్కడ ప్రతిష్ఠ చేయించారని చెబుతారు. ఇన్నేళ్ళూ నాకు గోవిందరాజస్వామి అంటే తమ్ముడి పెళ్ళి అప్పు డబ్బులు కొలిచి కొలిచి అలిసిపోయి, కుంచం తల కింద పెట్టుకుని పడుకున్న అన్నగారే. ఇప్పుడు గుళ్ళోకి వెళ్తే, ఊరొదిలి వచ్చినవాడిలా కనిపిస్తున్నాడు. తరిమినవాడేమో మా శివుడి పేరు చెప్పి తరిమాడు. పొద్దున విభూతి పెట్టుకుంటున్నా అదే గుర్తొస్తోంది. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

జవాబు: చిత్తూరు మాస్టారు

కట్టుకథ అని కొట్టేయలేం. ఆస్థానకవి ఒట్టక్కూత్తరే దాన్ని రాజుగారి ఘనకార్యంగా పాడాడు. తేదీలే కుదరవు: ఇక్కడి ప్రతిష్ఠ 1130 అంటారు, ఆయన గద్దెనెక్కింది 1133లో.

మీ మామగారికి మిగతా సగం కూడా చెప్పండి. 1539లో అచ్యుతదేవరాయలు చిదంబరంలో గోవిందరాజుని మళ్ళీ ప్రతిష్ఠ చేయించాడు. 1597 ప్రాంతంలో జింజిని ఏలే కృష్ణప్ప నాయకుడు ఆ గుడి పనులు మొదలుపెడితే, వద్దంటూ శైవ అర్చకులు గోపురం ఎక్కి దూకేశారట. దాదాపు ఇరవై మంది పోయారని పిమెంటా అనే జెసూట్ పాదిరీ రాశాడు. మీరంతా ఫొటోలు దిగి ఉంటారే, ఆ గోపురాల్లోనే ఒకటి.

జవాబు: సన్నిధి వీధి బామ్మ

అమ్మాయ్, తలదాచుకోవడానికి వచ్చిన దేవుడు మనకి కొత్తా? 1323లో శ్రీరంగం మీద దాడి జరిగితే రంగనాథుడి ఉత్సవమూర్తి కొండ మీదే ఉంది, 1371లో గానీ వెనక్కి వెళ్ళలేదు. రంగనాయకుల మండపానికి ఆ పేరు అందుకే. నాకు నామం లేనిదే పొద్దు గడవదు. అయినా కార్తీక సోమవారం కపిలతీర్థం శివుడి గుళ్ళో దీపం మానను, మా ఆయన గొణిగినా సరే. నీకు నొప్పి మామగారి మాట వల్ల. అది ఆయనతోనే చెప్పు, విభూతి ఏం చేసింది?

తిరుపతి కోడలు:

చెప్పాను బామ్మగారూ. మాస్టారు రాసింది కూడా చదివి వినిపించా. విభూతి మానలేదు. "మా శివుడు" అన్నప్పుడల్లా ఆ "మా" దగ్గర మాత్రం కాస్త తడబడుతున్నా, ఆ రాజూ అలాగే అనుకుని ఉంటాడు కదా అని. మామయ్య సారీ గీరీ ఏం చెప్పలేదు. అంతా విని, దూకింది ఏ గోపురం మీంచి అని అడిగారు. మాస్టారూ, తెలిస్తే చెప్పండి.