చవితి చందాలు, కుర్రాళ్ల సంఘం లెక్కలు: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

పటమట_యూత్: మా వీధి సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు. ఈసారి చందాలు ఎక్కువ భాగం ఫోన్‌లోనే వచ్చేలా ఉన్నాయి. క్యూఆర్ ఎవరి పేరు మీద పెట్టాలి? చందా పుస్తకాలు ఎలా కొట్టించాలి?

బ్రాడీపేట_కోశాధికారి: ముందు పుస్తకం సంగతి. కౌంటర్‌ఫాయిల్ రకం వద్దు, కార్బన్ పెట్టి రాసే రకం కొట్టించండి. కౌంటర్‌ఫాయిల్ అయితే ఇచ్చినాయన చేతిలో 1,116, మన దగ్గర మిగిలిన ముక్క మీద 116 పడటానికి ఒక్క అంకె చాలు. కార్బన్‌లో అది కుదరదు. అంకెల్లోనే కాదు, అక్షరాల్లో కూడా రాయాలి.

పుస్తకానికి 50 రసీదులు, నంబర్లు అన్ని పుస్తకాలకీ కలిపి వరసగా. ఏ పుస్తకం ఎవరు తీసుకున్నారో సంతకంతో రాసుకోవాలి. పాత పుస్తకం, డబ్బు అప్పజెప్పందే కొత్తది ఇవ్వొద్దు. తప్పు రాస్తే రెండు కాపీలూ కొట్టేసి పుస్తకంలోనే ఉంచాలి. చింపేస్తే ఆ నంబరు ఏమైందని ఊరంతా అడుగుతారు, అడగాలి కూడా. వసూలుకి ఇద్దరు వెళ్లాలి. ఆ రాత్రే లెక్కపెట్టాలి. వసూలు డబ్బులోంచి దారిలో టీ కూడా తాగకూడదు. ఖర్చు వేరే, వసూలు వేరే.

వన్‌టౌన్_లెక్కలు: క్యూఆర్ గురించి. ఒక కుర్రాడి సొంత ఖాతా పెడితే జీతం, చందా కలిసిపోతాయి. అంతకంటే పెద్ద తలనొప్పి ఇంకోటి: పంపినవాళ్లలో ఒకరి డబ్బు మీద సైబర్ ఫిర్యాదు ఉంటే బ్యాంకు ఆ ఖాతానే ఆపేయొచ్చు. చందాతోపాటు అతని జీతమూ ఇరుక్కుంటుంది.

సంఘాన్ని 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోండి, ఏడుగురు ఉంటే చాలు. పాన్ తీసుకుని, తీర్మానం రాసుకుని సంఘం పేరునే ఖాతా తెరవండి. ఇద్దరి సంతకం లేనిదే డబ్బు బయటికి రాకూడదు. అలాంటి ఖాతాకి యూపీఐ ఎలా ఇస్తారో తెరిచే ముందే బ్యాంకులో అడగండి. ఫోన్‌లో వచ్చిన ప్రతి చందాకీ రసీదు రాసి, వారానికోసారి స్టేట్‌మెంట్‌తో సరిచూడాలి.

పటమట_యూత్: అమెరికాలో ఉన్న మా వీధి అన్నయ్య 50 వేలు పంపుతానంటున్నాడు. తీసుకోవచ్చా?

వన్‌టౌన్_లెక్కలు: ఆయనది ఏ పాస్‌పోర్టో అడుగు తమ్ముడూ. భారత పాస్‌పోర్టు అయితే బ్యాంకు ద్వారా పంపొచ్చు, దాన్ని విదేశీ విరాళం కింద లెక్కగట్టరు. పాస్‌పోర్టు కాపీ దాచుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, అది విదేశీ సొమ్మే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేనిదే ముట్టుకోకూడదు. నాన్నగారి ఖాతాకి పంపించి తిప్పించుకుందాం అనేది దొడ్డిదారి, దాని జోలికి పోకండి.

సత్యనారాయణపురం_చిన్నా: ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు వచ్చే 80జీ రసీదు ఇస్తామని కూడా ఎవరికీ మాటివ్వకండి, దానికి ఆదాయపు పన్ను శాఖ ఆమోదం వేరే కావాలి. ఆ ఆమోదం ఉన్నా, 2,000 దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు.

కొత్తపేట_గుంటూరు: అసలు మునిగేది లడ్డూ వేలంపాట దగ్గర. పాటలో పలికిన మొత్తాన్ని చేతికొచ్చిన డబ్బనుకుని డీజేకీ, ఊరేగింపు బండికీ అడ్వాన్సులు ఇచ్చేస్తారు. పాడినాయన వచ్చే చవితికి ఇస్తానంటాడు, మండపం ముందు గట్టిగా అడిగేవాడుండడు. పాటకి ముందే ధరావతు కట్టినవాళ్లనే పాడనివ్వండి. మిగతాది లెక్కలో ‘రావలసినవి’ కింద విడిగా చూపాలి. ఖర్చు మాత్రం చేతిలో ఉన్నదాన్ని బట్టే.

పటమట_యూత్: అన్నదానం సరుకులకి ప్రతిసారీ ఇద్దరి సంతకం అంటే కష్టం కదా?

బ్రాడీపేట_కోశాధికారి: ఒకరి దగ్గర చిల్లర ఖర్చుకి 3,000 ఉంచండి. అయిపోయాక బిల్లులు చూపిస్తేనే మళ్లీ 3,000. కూరగాయల బండికి బిల్లు ఉండదు కాబట్టి తెల్ల కాగితం మీద సరుకు, తూకం, ధర రాసి, వెళ్లిన ఇద్దరూ సంతకం పెట్టాలి. నిమజ్జనమైన పది రోజుల్లో లెక్క అచ్చేసి పందిరి వేసిన చోటే అంటించండి: నిరుటి నిల్వ, వసూలు, రావలసినవి, ఖర్చు, బ్యాంకులో ఉన్నది, చేతిలో ఉన్నది. పేరు వద్దన్నవాళ్లకి రసీదు నంబరు వేస్తే సరిపోతుంది.

సింగ్‌నగర్_వాలంటీర్: ఒక్క మాట కలుపుతా. 2024లో బుడమేరు పొంగినట్టు ఏదైనా వస్తే, అప్పుడు వరద సాయానికి వసూలు చేసిన డబ్బుకి వేరే రసీదు పుస్తకం, వేరే పేజీ ఉండాలి. మిగిలితే పందిట్లో కలపొద్దు. ఏం చేయాలో ఇచ్చినవాళ్లనే గ్రూపులో అడిగి, ఆ జవాబుల్ని తీర్మానం పుస్తకంలో రాసుకోండి.