ఇంగ్లీష్ స్కూల్‌కు మూలపురుషుడు మార్టిన్ వైటా, హెడ్లీ బుల్లా?

జిజ్ఞాసి:
అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతంలో ఇంగ్లీష్ స్కూల్ అనే ఆలోచనా సంప్రదాయం ప్రస్తావన రాగానే చాలామంది హెడ్లీ బుల్ 1977లో వెలువరించిన 'ది అనార్కికల్ సొసైటీ'తోనే మొదలుపెడతారు. రాజ్యాలపై పెత్తనం చేసే ప్రభుత్వమంటూ ఏదీ లేకపోయినా, అవి కొన్ని నియమాలకూ వ్యవస్థలకూ లోబడి ఒక సమాజంగా మెలగుతాయన్నది ఈ స్కూల్ మూలసూత్రం. ఆ ఆలోచనకు బీజం వేసింది 1949 నుంచి 1961 వరకు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బోధించిన మార్టిన్ వైట్ అనీ, ఆయన చెప్పినదాన్ని బుల్ క్రమపద్ధతిలో పెట్టారనీ ఒక బలమైన వాదన ఉంది. వైట్ లేకపోతే ఈ స్కూల్ ఇప్పుడున్న రూపంలో ఉండేది కాదని నేనూ నమ్ముతాను. అయితే ఆ ప్రభావం ఎంత లోతుకు వెళ్లిందన్నది తేలవలసి ఉంది.

చరిత్రప్రియ:
మూలపురుషుడన్న మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. వైట్ తన ఉపన్యాసాలలో అంతర్జాతీయ రాజకీయ చింతననంతటినీ మూడు సంప్రదాయాలుగా విడదీశారు: మాకియవెల్లి పేరిట వాస్తవికవాదం, డచ్ న్యాయవేత్త గ్రోషియస్ పేరిట రేషనలిజం (నియమాలు, చట్టం ఆధారంగా రాజ్యాలు కలిసి మెలగగలవనే ధోరణి), కాంట్ పేరిట విప్లవవాదం. ఈ మూడూ పరస్పరం వాదించుకుంటూనే ఉండాలనీ, ఏ ఒక్కటీ పూర్తి సత్యాన్ని చెప్పలేదనీ ఆయన భావించారు. బలప్రయోగమే సర్వస్వమనే వారికీ, రాజ్యాలే అంతరించాలనే వారికీ నడుమ ఇంగ్లీష్ స్కూల్ ఎంచుకున్న మధ్యేమార్గం అక్కడినుంచి వచ్చిందే.

1955లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సహాయ ఉపన్యాసకుడిగా చేరిన బుల్, తానూ అధ్యాపకుడై ఉండి కూడా, ఆ పాఠాలకు వెళ్లి కూర్చున్నారు. వైట్ స్మారకార్థం 1976లో చేసిన ప్రసంగంలో ఆ రుణాన్ని నిండుగా అంగీకరించారు కూడా. వీటికి తోడు, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సహాయంతో 1959 జనవరిలో మొదలైన, అంతర్జాతీయ రాజకీయ సిద్ధాంతాన్ని చర్చించే పండితుల బృందమైన బ్రిటిష్ కమిటీని గుర్తుచేసుకోవాలి. దానికి తొలి అధ్యక్షుడు చరిత్రకారుడు హెర్బర్ట్ బటర్‌ఫీల్డ్ అయినా, అంతర్జాతీయ సిద్ధాంతమంటూ ఒకటి ఎందుకు లేదని అడిగిన వైట్ వ్యాసమే అందరినీ ఆలోచనలో పడేసింది. అమెరికాలో ఈ రంగం గణాంకాల వైపు, ప్రవర్తనావాదం (గమనించి కొలవగల ప్రవర్తననే శాస్త్రీయంగా అధ్యయనం చేయాలనే ధోరణి) వైపు మొగ్గుతున్న రోజుల్లో, చరిత్రనూ తత్త్వశాస్త్రాన్నీ న్యాయశాస్త్రాన్నీ విడిచిపెట్టరాదన్న పట్టుదల ఈ బృందానికి అబ్బడంలో వైట్ పాత్ర చాలా పెద్దది.

తర్కశీలి:
రుణం ఉందనడంలో వివాదం లేదు; ఆ రుణాన్ని బుల్ ఎలా వాడుకున్నారన్నదే నా ప్రశ్న. మీరు చెప్పిన 1976 ప్రసంగంలోనే ఆయన గురువును గట్టిగా విమర్శించారు. మూడు సంప్రదాయాల మధ్య వాదోపవాదాలకు వైట్ మితిమీరిన ప్రాధాన్యం ఇచ్చారనీ, అంతర్జాతీయ వ్యవహారాలపై లోకంలో వచ్చిన ఆలోచనల్లో అధికభాగం ఆ చట్రంలో ఇమడదనీ అన్నారు.

ఇద్దరి జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అంతర్జాతీయ సమాజాన్ని నిలబెట్టే వ్యవస్థలుగా వైట్ చెప్పినవి దౌత్యం, కూటములు, హామీ ఒప్పందాలు, యుద్ధం, తటస్థత. బుల్ చెప్పినవి బలాబలాల సమతౌల్యం, అంతర్జాతీయ చట్టం, దౌత్యం, యుద్ధం, అగ్రరాజ్యాలు. రెండింటిలోనూ ఉన్నవి దౌత్యం, యుద్ధం మాత్రమే. ఇది చిన్న తేడా కాదు: వైట్ జాబితా యూరప్ దౌత్యచరిత్రలో కనబడే ఆచారాలను ఏర్చికూర్చినది కాగా, బుల్ జాబితా ప్రతి వ్యవస్థా అంతర్జాతీయ క్రమాన్ని నిలపడానికి ఎలా ఉపకరిస్తుందన్న విచారణ నుంచి పుట్టింది.

ఇంకా లోతైన తేడా సంస్కృతి దగ్గర వస్తుంది. సభ్యుల మధ్య కొంతైనా సాంస్కృతిక ఏకత్వం లేనిదే రాజ్యవ్యవస్థ ఏర్పడదని, ప్రాచీన గ్రీసు, పాశ్చాత్య క్రైస్తవ ప్రపంచం వంటి ఉదాహరణల ఆధారంగా వైట్ భావించారు. బుల్ మాత్రం ప్రాణరక్షణ, మాట నిలబెట్టుకోవడం, ఆస్తికి స్థిరత్వం అనే మూడు ప్రాథమిక లక్ష్యాలు ఏ సమాజానికైనా తప్పవన్న చోటునుంచి బయలుదేరారు. ఇది ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఎవరి వద్ద చదువుకున్నారో ఆ న్యాయతత్త్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ ఆలోచనకు దగ్గరి మాట. స్కూల్‌కు సిద్ధాంత నిర్మాణాన్ని ఇచ్చింది ఇదే కనుక, మూలపురుషుడి స్థానం బుల్‌కే చెందాలి.

దౌత్యపాఠి:
ఇద్దరి మధ్యే పంచితే చార్ల్స్ మానింగ్‌కు అన్యాయం చేసినట్లవుతుంది. 1930 నుంచి 1962 దాకా లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనే ఆచార్యపదవిలో ఉండి, అంతర్జాతీయ సమాజమన్న భావననే బోధనకు కేంద్రం చేసినవారు ఆయన. 1981లో ఈ స్కూల్‌ను ఇక మూసివేయాలని వాదిస్తూ దానికి ఆ పేరు పెట్టిన రాయ్ జోన్స్ కూడా మానింగ్‌ను లోపలే లెక్కించారు. 1998లో టిమ్ డన్ రాసిన చరిత్ర బ్రిటిష్ కమిటీని కేంద్రంలో నిలిపి, మానింగ్‌ను బయటికి నెట్టి, ఆ కమిటీలో లేని చరిత్రకారుడు ఇ.హెచ్. కార్‌కు మాత్రం చోటిచ్చింది. దక్షిణాఫ్రికా జాతివివక్ష విధానాన్ని మానింగ్ సమర్థించిన తీరు గర్హనీయమే అయినా, ఆ కారణంగా బోధనలో ఆయన ప్రభావం లేకుండా పోదు.

జిజ్ఞాసి:
మానింగ్ సంగతి ఒప్పుకుంటాను. తర్కశీలి గారి పోలికకు మాత్రం ఒక విషయం జోడించాలి. వైట్ తన జీవితకాలంలో ప్రచురించింది చాలా తక్కువ. ఆయన 1972లో, 58 ఏళ్ల వయసులో మరణించారు. 'సిస్టమ్స్ ఆఫ్ స్టేట్స్'ను 1977లో బుల్ సంపాదకత్వం వహించి తెచ్చారు. 1946 నాటి చిన్న పుస్తకం 'పవర్ పాలిటిక్స్' 1978లో బుల్, కార్స్టెన్ హోల్‌బ్రాడ్‌ల చేతుల మీదుగా విస్తృత రూపంలో వచ్చింది. ఉపన్యాసాలు 1991 దాకా అచ్చు కాలేదు. అంటే చాలాకాలం పాఠకలోకానికి వైట్ ప్రధానంగా బుల్ ద్వారానే అందారు. సంపాదకుడే శిష్యుడైనప్పుడు వారి మధ్య పోలికలను ప్రభావానికి రుజువుగా చూపడంలో జాగ్రత్త అవసరం. ఆ సంపాదకుడు దాచకుండా మిగిల్చిన భేదాలకే సాక్ష్యబలం ఎక్కువ.

ఆ భేదాల్లో సంస్కృతికి సంబంధించినదాన్నే నేను ముఖ్యంగా భావిస్తాను. బుల్, ఆడమ్ వాట్సన్ 1984లో తెచ్చిన సంకలనం, యూరప్‌లో పుట్టిన సమాజంలోకి ఆసియా, ఆఫ్రికా రాజ్యాలు ప్రవేశించాక అది నిలుస్తుందా అని విచారించింది. పాశ్చాత్య ఆధిపత్యంపై తిరుగుబాటును గురించి బుల్ అందులోనే రాశారు. సంస్కృతి లేనిదే సమాజం లేదన్న వైట్ పట్టుదల లేకపోతే ఆ ప్రశ్న అంత తీవ్రంగా ఎదురయ్యేది కాదు. అందుకే నా తీర్పులో ప్రశ్న వైట్‌ది, సమాధానం బుల్‌ది.

తర్కశీలి:
ఆ విభజనకూ నేను పూర్తిగా ఒప్పుకోలేను. వైట్ విశాలమైన మధ్యేమార్గంగా చూసిన గ్రోషియస్ సంప్రదాయాన్ని బుల్ 1966 నాటి వ్యాసంలోనే రెండుగా చీల్చారు: న్యాయాన్ని సమష్టిగా అమలుచేయాలనే గ్రోషియస్ పక్షం ఒకటి, సహజీవనానికి కనీస నియమాలు చాలుననే అంతర్జాతీయ న్యాయవేత్త ఓపెన్‌హైమ్ పక్షం మరొకటి. మొదటి పక్షానికి లోకం ఇంకా సిద్ధంగా లేదని చెప్పి తాను రెండోదాని వైపు నిలిచారు. మానవహక్కుల కోసం మరో దేశంలో జోక్యం చేసుకోవచ్చా అని ఆ స్కూల్ నేటికీ వాదించుకుంటున్నది ఈ చీలిక మీదే. ఇందులో ప్రశ్న కూడా బుల్‌దే.