పీటర్ లా: లేబర్ కంచుకోటలో ఇండిపెండెంట్ గెలుపు, దాని వెనక లెక్కలు

కొండవాగు (ప్రశ్న):
2005 బ్రిటన్ సాధారణ ఎన్నికల ఫలితాలు సీటు సీటుకూ చూసుకుంటూ వస్తుంటే వేల్స్‌లోని బ్లైనై గ్వెంట్ దగ్గర ఆగిపోయాను. 2001లో అక్కడ లేబర్ మెజారిటీ 19,313. నాలుగేళ్లు తిరిగేసరికి అదే సీటును పీటర్ లా అనే ఇండిపెండెంట్ 9,121 ఓట్ల తేడాతో ఎగరేసుకుపోయారు. ఆయన అప్పటికే వేల్స్ అసెంబ్లీలో లేబర్ సభ్యుడట. సొంత పార్టీ మీద ఎందుకు తిరగబడ్డారు? ఎంపీ అయ్యాక అసెంబ్లీ సీటు వదులుకోలేదెందుకు? ఆ ఒక్కరు బయటికెళ్తే కార్డిఫ్‌లోని వేల్స్ లేబర్ ప్రభుత్వానికే మెజారిటీ పోయిందని రాస్తున్నారు, ఆ లెక్క నాకు కుదరడం లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

లోయదారి:
మొదటి ప్రశ్న నుంచి వస్తాను. ఆ సీటు చరిత్ర తెలియకపోతే ఈ తిరుగుబాటు బరువు తెలియదు. 1983 దాకా దాని పేరు ఎబ్బు వేల్. అక్కడి ఎంపీలంతా లేబర్ వారే: 1929 నుంచి 1960లో చనిపోయేవరకు అన్యూరిన్ బెవాన్, ఆ తర్వాత 1992 దాకా పార్టీ నాయకుడిగా కూడా చేసిన మైకేల్ ఫుట్, తర్వాత లూ స్మిత్. బొగ్గు గనులూ ఉక్కు కార్ఖానా మీద బతికిన ఊళ్లవి: ఎబ్బు వేల్, ట్రెడీగర్, బ్రిన్‌మార్, నాంటిగ్లో. ఎబ్బు వేల్ ఉక్కు కార్ఖానా 2002లో మూతపడింది.

పీటర్ లా 1948లో పుట్టారు. స్థానిక కౌన్సిళ్లలో పనిచేసి పైకొచ్చిన మనిషి. 1999లో వేల్స్ అసెంబ్లీ మొదటి ఎన్నికల్లో బ్లైనై గ్వెంట్ నుంచి గెలిచి, స్థానిక సంస్థల శాఖ చూశారు. 2000 అక్టోబరులో వేల్స్ ప్రభుత్వాధినేత, లేబర్ నాయకుడు రోడ్రి మోర్గాన్ లిబరల్ డెమొక్రాట్లతో పొత్తు కట్టినప్పుడు ఆ పదవి పోయింది. ఆ పొత్తంటే ఆయనకు మొదటినుంచీ గిట్టదు. అంటే 2005 నాటికే పార్టీ పెద్దలతో ఎడం ఉంది.

లూ స్మిత్ ఇక పోటీ చేయనన్నాక, లేబర్ ఆ సీటుకు మహిళలు మాత్రమే పోటీపడే జాబితా పెట్టింది. యూనిసన్ కార్మిక సంఘం నాయకురాలు మ్యాగీ జోన్స్‌కు టికెట్ దక్కింది. పీటర్ వాదన సూటిగా ఉంది: ఎవరు నిలబడాలో ఇక్కడి సభ్యులు తేల్చుకోవాలి, లండన్ కాదు. ప్రచారం నడుస్తుండగానే, ఏప్రిల్‌లో, మెదడులో గడ్డకు ఆపరేషన్ అయింది. అయినా బరిలోంచి తప్పుకోలేదు.

ఫలితం: పీటర్ 20,505, మ్యాగీ జోన్స్ 11,384. మూడో స్థానంలో లిబరల్ డెమొక్రాట్, 1,511. అంటే మొదటి ఇద్దరికి తప్ప అందరికీ డిపాజిట్ గల్లంతే. లేబర్ వాటా 72 శాతం నుంచి 32 శాతానికి దిగిపోయింది. లేబర్ వ్యతిరేక ఓటు ఒక్కటయితే ఇంత తేడా రాదు. అసలు అక్కడ అంత వ్యతిరేక ఓటే లేదు. లేబర్ ఇళ్లలోని ఓటే పీటర్‌కు పడింది.

ఓట్లపుస్తకం:
లోయదారి గారు చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, మహిళల జాబితాను ఊరికే పైనుంచి రుద్దిన పెత్తనంలా వదిలేయడం సరికాదు. 1997కు ముందు మొత్తం చరిత్రలో వేల్స్ నుంచి వెస్ట్‌మినిస్టర్‌కు (బ్రిటన్ పార్లమెంటుకు) గెలిచిన మహిళలు నలుగురంటే నలుగురే. 2001లో కూడా 40 సీట్లలో నలుగురు. 1996లో ట్రైబ్యునల్ ఈ జాబితాలు చెల్లవంటే, 2002లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి మళ్లీ దారి తెరిచింది. ఉద్దేశం న్యాయమైనదే. తేడా కొట్టింది అమలు దగ్గర: స్థానిక శాఖను ఒప్పించకుండా, స్థానికంగా బలమైన నాయకుడు కాచుక్కూర్చున్న సీటులోనే పెట్టారు.

ఇక అసెంబ్లీ లెక్క. 2003 ఎన్నికల్లో మొత్తం 60 సీట్లలో లేబర్ 30, ప్లైడ్ కమ్రీ (వేల్స్ జాతీయవాద పార్టీ) 12, కన్సర్వేటివ్ 11, లిబరల్ డెమొక్రాట్ 6, ఇంకొకరు రెక్సమ్ నుంచి జాన్ మారెక్. ఈయన కూడా లేబర్ టికెట్ నిరాకరిస్తే విడిగా నిలబడి గెలిచినవారే. 30కి 30 కదా, మెజారిటీ ఎక్కడిదంటారా? సభాపతి మామూలుగా ఓటు వేయరు, సమానమైతేనే వేస్తారు. ఆ కుర్చీలో ఉన్నది ప్లైడ్‌కు చెందిన డావిడ్ ఎలిస్ థామస్. కాబట్టి ఓటింగ్‌లో 30కి 29. లేబర్ ప్రభుత్వం ఆ ఒక్క ఓటు మీదే నడిచింది.

పీటర్ నామినేషన్ వేయగానే పార్టీ సభ్యత్వం పోయింది. లేబర్ అధికారిక అభ్యర్థి మీద పోటీ చేస్తే విచారణ, నోటీసు ఏమీ ఉండవు, దానంతటదే పోతుంది. ఆ క్షణం నుంచి సభలో 29కి 30. అప్పటినుంచి బడ్జెట్టయినా, తీర్మానమైనా ప్రతిపక్షంలో ఎవరో ఒకరితో మాట్లాడుకోకుండా గట్టెక్కే వీలు లేకుండా పోయింది.

కొండవాగు:
సభాపతి సంగతి నాకు తట్టనే లేదు, ధన్యవాదాలు. రెండు పదవులు ఒకేసారి ఎలా ఉంచుకున్నారు? ఆయన పోయాక ఏమైంది?

లోయదారి:
అప్పట్లో రెండు సభల్లోనూ ఉండటానికి చట్టం అడ్డు రాలేదు. ఆ వెసులుబాటును తీసేసింది 2014 వేల్స్ చట్టం. పీటర్ రెండో సీటు పట్టుకుని కూర్చోవడం పదవీ వ్యామోహమని నేననుకోను. వెస్ట్‌మినిస్టర్‌లో 646 మందిలో ఆయన ఒకరు. కార్డిఫ్‌లో ప్రభుత్వం నిలబడేదీ పడేదీ ఆయన ఓటు మీద. తన నియోజకవర్గానికి పని జరగాలంటే ఏ సీటు విలువైనదో వేరే చెప్పాలా?

2006 ఏప్రిల్ 25న ఆయన చనిపోయారు. రెండు సీట్లూ ఒకేసారి ఖాళీ అయ్యాయి. అప్పటి అసెంబ్లీలో ప్రాంతీయ పార్టీ జాబితా నుంచి వచ్చిన సభ్యుడు పోతే జాబితాలో తర్వాతి పేరు వచ్చేది, ఓటింగ్ ఉండేది కాదు. ఈయన నియోజకవర్గం నుంచి గెలిచినవారు కాబట్టి రెండింటికీ ఉప ఎన్నికే. జూన్ 29న రెండూ కలిపి పెట్టారు. అసెంబ్లీ సీటు ఆయన భార్య ట్రిష్ లా గెలిచారు. పార్లమెంటు సీటు ఆయన ప్రచారం నడిపిన డై డేవిస్ గెలిచారు. అప్పుడు డేవిస్ చేతిలో ఓడిన లేబర్ అభ్యర్థి ఓవెన్ స్మిత్. 2016లో జెరెమీ కోర్బిన్ మీద పార్టీ నాయకత్వానికి పోటీ చేసింది ఈయనే.

ఓట్లపుస్తకం:
ఇలా బరిలోకి దిగేవారికి చేతికందేదేమిటి, అందనిదేమిటి అన్నది తెలిస్తే తర్వాతి కథ అర్థమవుతుంది.

నామినేషన్‌కు ఆ నియోజకవర్గం ఓటర్లు పదిమంది సంతకాలు, 500 పౌండ్ల డిపాజిట్ చాలు. పోలైన ఓట్లలో 5 శాతం వస్తే డిపాజిట్ వెనక్కొస్తుంది. ప్రతి ఓటరుకూ ఒక కరపత్రం తపాలా ఖర్చు లేకుండా పంపుకోవచ్చు, అచ్చు ఖర్చు మాత్రం మనదే. కానీ బ్యాలెట్ మీద పేరు పక్కన ఇండిపెండెంట్ అన్న ఒక్క మాటకే అనుమతి. ఇష్టమైన నినాదమో, పాత పార్టీ పేరో రాసుకుంటామంటే కుదరదు. అలా కావాలంటే ఎన్నికల సంఘం దగ్గర పార్టీగా నమోదవ్వాలి. పీటర్ వర్గం పెట్టుకున్న బ్లైనై గ్వెంట్ పీపుల్స్ వాయిస్ అనే పేరు బ్యాలెట్ మీదికి వచ్చింది ఆ దారిలోనే.

గెలిచాక అసలు ఇబ్బంది. పార్లమెంటులో ప్రతిపక్షాలకిచ్చే షార్ట్ మనీ అనే ప్రభుత్వ నిధి రావాలంటే ఇద్దరు ఎంపీలైనా ఉండాలి, లేదా ఒక ఎంపీతోపాటు దేశవ్యాప్తంగా లక్షన్నర ఓట్లయినా ఉండాలి. ఒంటరి సభ్యుడికి ఆ ఆశ లేదు. కమిటీ సీట్లు పార్టీల మధ్యే సర్దుకుంటారు. ఊరూరా ఏ ఇంట్లో ఎవరు ఎటువైపో ఏళ్లతరబడి రాసుకున్న లెక్కలు పార్టీ దగ్గరే ఉండిపోతాయి.

అందుకే 2010లో లేబర్ తరఫున నిక్ స్మిత్ డై డేవిస్‌ను 10,516 ఓట్ల తేడాతో ఓడించారు. 2011లో ట్రిష్ లా పోటీ చేయలేదు, అసెంబ్లీ సీటూ లేబర్‌కు చేరింది. పీటర్ మీద అభిమానం, టికెట్ మీద కోపం రెండూ నిజమే. ఆ కోపం చల్లారాక, ఇంటింటికీ తిరిగే యంత్రాంగం ఎవరిదైతే సీటు వారిదయింది.

పాతచిట్టా:
పక్కనే ఉన్న మెర్తిర్ టిడ్‌ఫిల్ కూడా చూడండి, పోలిక అచ్చుగుద్దినట్టు ఉంటుంది. అక్కడ 1934 నుంచి ఎంపీగా ఉన్న ఎస్. ఓ. డేవిస్‌కు 1970లో వయసు మీరిందని టికెట్ ఇవ్వలేదు. విడిగా నిలబడి 16,701 ఓట్లు తెచ్చుకున్నారు, లేబర్‌కు 9,234. 1972లో ఆయన పోగానే ఉప ఎన్నికలో సీటు తిరిగి లేబర్‌దే. అక్కడ ఆయన వెనక బృందమేదీ నిలబడలేదు. బ్లైనై గ్వెంట్‌లో కనీసం ఒక దఫా నిలబడింది. నా దృష్టిలో పీటర్ అసలు ఘనత అదీ.

లోయదారి గారూ, ఇంకో రకం ఇండిపెండెంట్ కూడా ఉంది. పైన చెప్పిన సభాపతి ఎలిస్ థామస్ 2016 అక్టోబరులో ప్లైడ్ వదిలేసి విడిగా కూర్చున్నారు. మరుసటేడు లేబర్ ప్రభుత్వంలో మంత్రయ్యారు. ఆయన ఆ హోదాలో ఓటర్ల ముందుకు వెళ్లనే లేదు. పీటర్ లాతో ఒకే గాటన కట్టకూడదు.

కొండవాగు:
ఇప్పుడు అలాంటి గెలుపు సెనెడ్‌లో (వేల్స్ అసెంబ్లీ ఇప్పటి పేరు) సాధ్యమా?

ఓట్లపుస్తకం:
సాధ్యమే, దారి వేరు. 2026 ఎన్నికల నుంచి సెనెడ్‌కు 96 మంది సభ్యులు, 16 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఆరుగురు. ఓటు వేసేది పార్టీ జాబితాకు; ఇండిపెండెంట్ పేరు విడిగా ఉంటుంది. సీట్లు పంచేది ఓట్ల నిష్పత్తిని బట్టి, డీహాంట్ అనే పద్ధతిలో కాబట్టి ఏడో వంతు, అంటే సుమారు 14.3 శాతం దాటితే సీటు ఖాయం. అయితే నియోజకవర్గం విస్తీర్ణం బాగా పెరిగింది. 2005లో పీటర్ మాదిరి ఒక్క లోయలో 58 శాతం తెచ్చుకున్నవాడికి కూడా పక్క లోయలో ముఖం తెలిసుండాలి. పైగా ఉప ఎన్నికలు లేవు: జాబితా సభ్యుడు పోతే అదే జాబితాలో తర్వాతి పేరు వస్తుంది, ఇండిపెండెంట్ పోతే వచ్చే ఎన్నికల దాకా ఆ సీటు ఖాళీ.